నాంచారమ్మ గారి మెట్టెలు

రెండూ కలిపి తులం వెండి ఉంటాయేమో. అంతకన్నా ఉండవు. ఆ తులం వెండిని పదేళ్లు దాటి మోస్తున్నాను. బస్సులో కూర్చుంటే ఎదురు సీటావిడ కాళ్ల మీదికి చూపు పోతుంది, చప్పున కిటికీలోంచి బయటికి చూస్తాను. పెళ్లిళ్లకు వెళ్తే తలంబ్రాల దాకా ఉండను, ముందే భోజనం చేసి వచ్చేస్తాను. మా ఆవిడ ఇది నాకున్న తిక్కల్లో ఒకటి అనుకుంటుంది. ఆమెకు కూడా తెలియదు. మీకు చెబుతున్నాను. మీరెవరో తెలియదు కాబట్టే చెప్పగలుగుతున్నానేమో. నా పేరు చెప్పను. అదీ పిరికితనమే అంటారా? అనండి, పడతాను.

ఆదివారం చర్చిలో మేమంతా కలిసి నిలబడి పాపాలు ఒప్పుకుంటాం. "మేము" అని ఒప్పుకుంటాం. ఆ "మేము" చాలా పెద్ద గొడుగు. దాని కింద ఇన్నేళ్లు నిలబడ్డాను, ఒక్క చినుకు నా మీద పడలేదు. "నేను" అని చెప్పుకోవలసిన రోజు ఒకటి వస్తుందని తెలుసు. అది మా వర్క్‌షాపు కుర్రాళ్ల రూపంలో వస్తుందని మాత్రం అనుకోలేదు.

గుడివాడలో మాది చిన్న వర్క్‌షాపు. రైసుమిల్లులకూ, మేత ఫ్యాక్టరీలకూ, రొయ్యల కంపెనీలకూ మెటల్ డిటెక్టర్లు తయారుచేస్తాం. మొన్నీమధ్య కుర్రాళ్లు ఒక నోటుపుస్తకం తెచ్చి నా ముందు పెట్టారు. మా మిషన్లలో ఉండే ట్రాన్స్‌మిటర్ డిజైన్ నాది. అది ఎలా పుట్టిందో, ఎక్కడెక్కడ తప్పులు వచ్చాయో, ఎలా దిద్దానో అన్నీ రాసి పెట్టమన్నారు. రేపు నేను లేకపోయినా వాళ్లకు పనికొస్తుందట. సంతోషంగా మొదలుపెట్టాను. నాలుగు పేజీలు రాశాను. అయిదో పేజీలో "చలిలో లయ తప్పుతుందని కనిపెట్టింది" అనే దాకా వచ్చి కలం ఆగిపోయింది. కనిపెట్టింది ఎవరు?

కొంచెం ఓపిక పట్టండి, ఆ పని ఏమిటో చెబితే గాని నేను చేసిన పని తెలియదు. మెటల్ డిటెక్టర్ అంటే మనుషులు నడిచి వెళ్లే గుమ్మం కాదు. రొయ్యల ప్యాకెట్లు బెల్టు మీద వస్తూ ఒక చిన్న కిటికీలో దూరి అవతలికి పోతాయి. ప్యాకెట్‌లో బ్లేడు ముక్కో, గుండుసూదో, వలకు కట్టిన సీసపు గుండో ఉంటే మిషను అరిచి బెల్టు ఆపేస్తుంది. కిటికీ చుట్టూ పెట్టె లోపల మూడు రాగితీగ చుట్టలుంటాయి. మధ్యది పంపే చుట్ట, అటూ ఇటూ ఉన్నవి వినే చుట్టలు. పంపే చుట్టను నడిపేదే ట్రాన్స్‌మిటర్. ఆ రోజుల్లో విదేశీ మిషన్లు వచ్చేవి. వాటి ట్రాన్స్‌మిటర్లు పొయ్యిలా కాలేవి. మన దగ్గర సాయంత్రమైతే చెరువుల మీద నీళ్లు చిలికే ఏరేటర్లన్నీ ఒక్కసారే తిరగడం మొదలుపెట్టేవి, కరెంటు కుంటుకుంటూ వచ్చేది. ఆ కరెంటుకు ఆ మిషన్లు నెలకోసారి కాలిపోయేవి. మా యజమాని కృష్ణారావు గారు వాటిని రిపేరు చేసీ చేసీ, ఒకరోజు నన్ను పిలిచి, మనమే ఎందుకు చేయకూడదురా అన్నారు. పాలిటెక్నిక్ డిప్లొమా తప్ప నా చేతిలో ఇంకేమీ లేదు. ఆ మాట అన్నందుకే ఆయనకు జీవితాంతం రుణపడి ఉంటాను. నన్ను నమ్మిన మొదటి మనిషి ఆయన.

నేను చేసింది పెద్ద విద్యేమీ కాదు. పిల్లను ఉయ్యాలలో ఊపేటప్పుడు బలమంతా పెట్టి తోయం కదా. వెనక్కి వచ్చిన క్షణాన వేలితో నెడితే చాలు, అదే ఊగుతుంది. ఆ పంపే చుట్టకు, అంటే కాయిలుకు, కరెంటును పట్టి వదిలే కెపాసిటర్ సరిపడేది కలిపితే కరెంటు ఆ రెండింటి మధ్యే ఊగుతుంది. మనం ఇవ్వవలసింది ఆ ఊపులో తరిగినంత మాత్రమే. ఆ లెక్కన చేసిన ట్రాన్స్‌మిటర్ ముట్టుకుంటే గోరువెచ్చగా ఉండేది. కరెంటు పోతే చిన్న బ్యాటరీ మీద పూట గడిపేది. కృష్ణారావు గారు దాని మీద అరచెయ్యి పెట్టి, అలాగే ఉంచి, నా వైపు చూసి నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ గుర్తుంది.

చిక్కు ఒకటుంది. ఉయ్యాల ఎంత తేలిగ్గా ఊగుతుంటే, నెట్టే వేళ అంత కచ్చితంగా ఉండాలి. ఆ వేళను నేను గుడివాడలో, మే నెల మధ్యాహ్నం, రేకుల షెడ్డు కింద, చెమట కళ్లలో పడుతుంటే కుదిర్చాను. మిషను ఉండబోయేది చలిగదిలో. తెలుసు. తెలిసీ తట్టలేదు. ఈ డెల్టాలో పుట్టి పెరిగినవాడికి చలి అంటే డిసెంబరులో వారం రోజులు దుప్పటి కప్పుకోవడం. అది లెక్కలోకి తీసుకోవలసిన విషయమని నా బుర్రకు ఎక్కలేదు.

మొదటి మిషను బందరు నుంచి అవనిగడ్డ వెళ్లే దారిలో ఒక రొయ్యల కంపెనీ తీసుకుంటానంది. మూడు రోజులు నడిపి చూపించాలి. బాగుంటే ఉంచుకుంటారు, లేకపోతే లారీ ఎక్కించి పంపేస్తారు. తొంభైల చివర అది. రొయ్య బంగారంలా ఉన్న రోజులు. ఈ ఒక్క కంపెనీ ఒప్పుకుంటే చుట్టుపక్కల అందరూ వస్తారు. ఒప్పుకోకపోతే గుడివాడ షెడ్డులో చేసిన సరుకని నవ్విపోతారు.

ప్యాకింగు హాల్లో అడుగుపెట్టగానే వణుకు పుట్టింది. పల్చటి చొక్కాతో వెళ్లాను. తెల్ల కోటు ఇచ్చారు గాని అది చలికి ఆగేది కాదు. బెల్టు మొదట్లో నిలబడి ప్యాకెట్లు పెట్టే ఆవిడ నన్ను ఒక నిమిషం చూసి, బయటికి వెళ్లి, ఒక మంకీ క్యాపు తెచ్చి ఇచ్చింది. వాళ్లాయన వేటకు వెళ్లేటప్పుడు పెట్టుకునేదట. సముద్రపు వాసన వేసింది. ఆవిడే నాంచారమ్మ గారు. హంసలదీవి దగ్గర పల్లె నుంచి కంపెనీ వ్యానులో వచ్చేది. నలభై దాటి ఉంటాయి. అప్పుడు నేనూ అందరిలాగా నాంచారమ్మా అనే పిలిచాను. గారు అని నా మనసులో చేర్చుకున్నది చాలా తర్వాత.

ఆడవాళ్లకు అక్కడ నియమాలుండేవి. గాజులు, ముక్కుపుడకలు, దిద్దులు గేటు దగ్గరే తీసేయాలి. పెళ్లయినవాళ్లు పుస్తెలు తీసి డబ్బాలో పెట్టి, దారానికి పసుపు కొమ్ము కట్టుకుని లోపలికి వచ్చేవాళ్లు. మెట్టెల సంగతి మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. బూట్ల లోపల, బెల్టుకు అంత కింద ఉన్నవాటితో ఏం పని? మొదటిరోజే, కాళ్లు కడుక్కునే చోట బూట్లు మారుస్తూ, నా చూపు వాటి మీద పడితే నాంచారమ్మ గారే నవ్వుతూ చెప్పింది. పెళ్లినాడు అత్తగారు తొడిగినవట. నీళ్లలో నానీ నానీ వేళ్లు లావెక్కి అవి ఇక రావట. ఎవరికీ చెప్పొద్దని అనలేదు. నేను చెబుతానని ఆవిడకు తట్టి ఉండదు.

మొదటిరోజు ఉదయం మిషను చక్కగా నడిచింది. పది దాటాక అరవడం మొదలుపెట్టింది. ఏ లోహమూ లేని ప్యాకెట్లకు అరిచింది. రొయ్యల ఉప్పునీటి తడి కూడా మిషనుకు కాస్త లోహంలాగే వినిపిస్తుంది. దాన్ని పక్కకు పెట్టి అసలు లోహాన్నే పట్టుకునేలా సర్దుతాం. ఆ సర్దుబాటంతా ఉయ్యాల లయ మీద ఆధారపడింది. లయ తప్పితే రొయ్యే ఇనుమైపోతుంది. ఇదంతా ఇప్పుడు మీకు తీరిగ్గా చెబుతున్నాను. ఆ రోజు నాకేమీ తోచలేదు. వినే వైపు బోర్డంతా విప్పాను, బిగించాను. రెండోరోజూ అదే వరస.

రెండోరోజు మధ్యాహ్నం బయట మెట్ల మీద కూర్చుని తల పట్టుకున్నాను. నాంచారమ్మ గారు క్యారేజీ విప్పి, నేను వద్దంటున్నా, మూతలో అన్నం, చేపల పులుసు వేసి నా ముందు పెట్టింది. తింటుంటే అడిగింది.

"ఒక మాట చెబితే ఏవనుకోరు కదండీ? పొద్దున్నే తలుపులన్నీ తీసి ఉన్నప్పుడు అది నోరెత్తదండి. తలుపులేసి చలి పట్టించాక అరిచిద్ది. మళ్ళీ లారీ వచ్చి తలుపు తీశారనుకోండి, కాసేపు ఊరుకుంటది. నేను రెండ్రోజుల్నించీ చూస్తున్నా."

నేను చెయ్యి ఆపి చూశాను.

"మీకు మల్లేనే దానికీ చలి పడదేమోనండి," అని నవ్వింది.

ముద్ద నోట్లో అలాగే ఉండిపోయింది. లోపలికి పరిగెత్తాను. గోనెసంచిలో ఐసు వేసి ట్రాన్స్‌మిటర్ పెట్టె మీద పెట్టి, మీటరు చూస్తూ కూర్చున్నాను. ముల్లు దిగుతూ వచ్చింది. సంచి తీశాను. ఎక్కుతూ వచ్చింది. నా కెపాసిటర్ చలికి మారిపోతోంది. ఉయ్యాల ఒక వేళకు వస్తుంటే నేను ఇంకో వేళకు నెడుతున్నాను. అంతే సంగతి. వేడికి పెరిగే రకం కెపాసిటర్ ఒకటి, తగ్గే రకం ఒకటి పక్కపక్కన పెడితే ఒకదాని తప్పు ఇంకోటి దిద్దుతుంది. రెండో రకం గుడివాడలో నా అరలోనే ఉంది. ఒక్క రాత్రి గడిస్తే చాలు.

ఇక్కడి దాకా నాకు కృతజ్ఞత తప్ప ఇంకేమీ లేదు. ఇక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది!

సాయంత్రం నాలుగింటికి కంపెనీ మేనేజరు, కృష్ణారావు గారు ఇద్దరూ కలిసి హాల్లోకి వచ్చారు. ఎందుకు అరుస్తోందో ఇప్పుడు చెప్పండి, లేకపోతే పొద్దున్నే లారీ పిలుస్తానన్నాడు మేనేజరు. కృష్ణారావు గారు మా వాడు చెబుతాడు అన్నట్టు నా వైపు చూశారు.

అప్పుడు నిజం చెబితే ఏమయ్యేది? ఈ ప్రశ్న వేసుకోని నెల లేదు. చలికి తప్పుతోంది, రేపటికి సరిచేస్తానంటే, ఆ మేనేజరు ఒక్కరోజు ఇచ్చేవాడే. కఠినుడు కాదు. అంటే నేను భయపడలేదు. భయపడ్డానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను గాని అది కాదు. సిగ్గుపడ్డాను. చలిగదికి చేసే మిషనుకు చలి సంగతే చూసుకోలేదా అని, కృష్ణారావు గారి ముందు, ఎవరైనా నవ్వుతారని. ఆయన అరచెయ్యి పెట్టి మురిసిన దానిలోనే తప్పుందని ఆయనకు తెలుస్తుందని. అంత చిన్న కారణం. ఇంకాస్త పెద్దది దొరికితే బాగుండునని ఎంత వెతికానో.

మిషను దగ్గర ఎవరో లోహం వేసుకుని కదులుతున్నారు, అందుకే అన్నాను. ఎవరు అన్నాడు మేనేజరు. నాంచారమ్మ కాళ్లకు మెట్టెలున్నాయి అన్నాను. ఆవిడ ఇచ్చిన టోపీ నా నెత్తి మీద ఉంది. పులుసు వాసన ఇంకా నా వేళ్లకు ఉంది.

ఆవిడ నా వైపు చూసింది. కోపంగా కాదు. నేను పొరబడ్డానేమో, మళ్లీ చెబుతానేమో అన్నట్టు చూసింది. నేను మీటరు వైపు తిరిగాను.

తీసేయమన్నారు. సబ్బు రాసినా రాలేదు. సూపర్‌వైజరమ్మ వచ్చి కట్టర్ ఉందా అని అడిగింది. నా సంచిలోంచి తీసి ఇచ్చాను. కాయిల్ తీగలు కత్తిరించే కట్టర్. మీరు నమ్మాలి, మా ఇంట్లో ఆడవాళ్లు మెట్టెలు పెట్టుకోరు. మా అమ్మ పెట్టుకోలేదు, మా అక్కలు పెట్టుకోలేదు. నాకవి వెండి ముక్కలు. పసుపు కొమ్ము కట్టుకున్న మెడలు రెండు రోజులు చూసి కూడా, ఆ కాళ్ల దగ్గర ఏం జరుగుతోందో నాకు ఎక్కలేదు. గోడ పక్కన కూర్చోబెట్టి ఇద్దరు ఆడవాళ్లు కత్తిరించారు. నాంచారమ్మ గారు ఏడవలేదు. ముక్కలు ఏరుకుని కొంగున ముడేసుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు తలలు దించి తమ తమ బూట్ల వైపు చూసుకున్నారు. అది చూశాక నాకు కొంచెం అర్థమైంది. అప్పటికైనా నోరు తెరవొచ్చు. తెరవలేదు.

సాయంత్రం బస్సుకు గుడివాడ వెళ్లి, పొద్దున మొదటి బస్సుకు తిరిగొచ్చి, ఎవరూ రాకముందే కెపాసిటర్ మార్చేశాను. ఆవిడను బెల్టు దగ్గర్నుంచి తీసి, బయట రొయ్యల తలలు ఒలిచే షెడ్డుకు పంపారు. మూడోరోజు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా మిషను ఒక్కసారి కూడా ఊరికే అరవలేదు. ఇంకేం కావాలి? మెట్టెల వల్లేనని తేలిపోయింది. మర్నాటి నుంచి గేటు దగ్గర ఇంకో డబ్బా పెట్టారని విన్నాను. వ్యానులో వచ్చే ఆడవాళ్లందరూ తీసేయవలసి వచ్చింది. తీయలేక ఒకరిద్దరు పనే మానేశారట. కృష్ణారావు గారు నన్ను కౌగిలించుకున్నారు. మిషను నిలబడింది. వర్క్‌షాపు నిలబడింది. ఆ తర్వాత మాకు వెనక్కి చూసుకోవలసిన పని లేకపోయింది.

ఆ ట్రాన్స్‌మిటరే నాకు అన్నం పెట్టింది. అదే నా పిల్లల్ని చదివించింది. అప్పటి నుంచి ప్రతి బోర్డునూ పూట ఐసుపెట్టెలో, పూట డాబా మీద ఎండలో పెట్టి చూడనిదే బయటికి పంపను. ఇది ఎవరు నేర్పారు సార్ అని కుర్రాళ్లు అడిగితే, అనుభవం అన్నాను. ఎవరి అనుభవమో చెప్పలేదు.

ఇంతే అయితే ఇంత బరువు ఉండేది కాదేమో. ఆరేళ్ల తర్వాత అవనిగడ్డ బస్టాండులో నిలబడి ఉన్నాను. తాటిముంజల బుట్టతో ఒకావిడ దగ్గరికి వచ్చింది. ముందు ఆవిడే గుర్తుపట్టింది.

"ఇంజినీరు గారు కదండీ? బాగున్నారా? ఆ మిషను ఇంకా ఆడుతుందా అండీ?"

ఆడుతోందమ్మా అన్నాను. ఆవిడ కాళ్ల వైపు చూడకూడదనుకుంటూనే చూశాను. మెట్టెల చోట పసుపు దారం చుట్టి ఉంది. ఆయన బాగున్నారా అని అడిగాను. గుండ్రాయిలా ఉన్నాడని నవ్వింది. అత్తగారు మాత్రం తను తొడిగినవి తెంపుకొచ్చిందని ఏడాదిపాటు మాట్లాడలేదట, పోయేముందు మాట్లాడిందట. మళ్లీ చేయించుకోలేదా అంటే, ఆ ముక్కలు కరిగించడానికి మనసొప్పలేదట. తర్వాత ఆవిడ అన్న మాట కోసమే ఇదంతా రాస్తున్నాను.

"మిమ్మల్ని ఒక్కసారి చూడాలని ఎప్పట్నుంచో అనుకుంటున్నానండి. నా మూలాన రెండ్రోజులు ఎంత అవస్థ పడ్డారో. తప్పు నా కాళ్లల్లో పెట్టుకుని, అంతా తెలిసినదాన్లాగా చలీ గిలీ అని మీకు చెప్పాను. మనసులో పెట్టుకోకండి."

బుట్టలోంచి ముంజలు తీసి ఆకులో పెట్టి నా చేతికిచ్చింది.

నేనేమన్నానో తెలుసా? పాత సంగతులు, వదిలెయ్యమ్మా అన్నాను. పెద్దమనిషిలాగా అన్నాను. అంటే ఏమిటి? ఆవిడను నేను క్షమించాను. వింటున్నారా? నేను, ఆవిడను, క్షమించాను. ఆవిడ ముఖం తేలికపడింది. బస్సు వచ్చింది. ఎక్కేశాను. ముంజలు గుడివాడ దాకా ఒళ్లో పెట్టుకున్నాను, ఒక్కటి తిన్నాను, ఎందుకో చాలా తియ్యగా ఉంది.

మొదటిది సిగ్గుతో చేశాను. ఈ రెండోది దేనితో చేశానో ఇప్పటికీ తెలియదు. అంత దగ్గరగా, అంత వీలుగా ఆవిడ నా చేతికి నిజాన్ని రెండుసార్లు ఇచ్చింది. ఒకసారి తీసుకుని నాదని చెప్పుకున్నాను. రెండోసారి ఆవిడ దాన్ని తప్పని ఒప్పుకుంటుంటే ఊరుకున్నాను. తన కళ్లతో తను చూసిన దాన్ని ఆవిడే నమ్మకుండా చేశాను. మెట్టెలకన్నా ఇదే ఎక్కువనిపిస్తుంది నాకు.

హంసలదీవి వెళ్లి చెబుతారా అని మీరు అడగొచ్చు. వెళ్లాలనుకుంటున్నాను. అనుకోవడం నాకు కొత్త కాదు, అందుకని మాట ఇవ్వను. మంకీ క్యాపు ఇంకా నా బీరువాలో ఉంది. ఆవిడ మళ్లీ నవ్వి ఏదో ఒకటి తినడానికి పెడుతుందేమోనన్నదే నా భయం. తిట్టినా తట్టుకోగలను.

ఈవేళ మాత్రం ఒక పని చేశాను. కుర్రాళ్ల నోటుపుస్తకం తెరిచి అయిదో పేజీలో ఆగిపోయిన వాక్యం పూర్తి చేశాను. చలిలో లయ తప్పుతుందని కనిపెట్టింది నాంచారమ్మ గారు, ప్యాకింగు పనిచేసేవారు, హంసలదీవి దగ్గర పల్లె. అంత రాసి సంతకం పెట్టాను. రేపు వాళ్లు ఎవరీవిడ అని అడుగుతారు. అడగనివ్వండి. ఊపిరి బాగా ఆడింది. చాలా కాలానికి ఆవిడకు నా కృతజ్ఞత దొంగతనంగా కాకుండా చెప్పుకున్నాను.

నాంచారమ్మ గారూ, మిషను మీ మెట్టెల వల్ల అరవలేదు. దానికి చలి పడలేదు. మీరు చెప్పింది చెప్పినట్టు నిజం. అది నాకు ఆ మధ్యాహ్నమే తెలుసు. తెలిసే మీ పేరు చెప్పాను.